చిగుళ్ళ జబ్బుకి ప్రోబయోటిక్ బిళ్ళలు చాలా?

పొద్దున్నే పళ్ళు తోముకుని ఉమ్మితే నురగలో ఎర్రగా కనిపిస్తోందా? "బ్రష్ గట్టిగా తగిలిందేమోలే" అనుకుని కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళిపోతున్నారా? నేనూ అలాగే రెండేళ్ళు గడిపాను. కుడివైపు కింది దవడ పన్ను ఒకటి ఇప్పుడు నా నోట్లో లేదు. అందుకే ఈ వారం వంటల సంగతి పక్కన పెట్టి చిగుళ్ళ గురించి రాస్తున్నాను.

మొన్న మా అక్కయ్య ఫోన్ చేసింది. ఆవిడకి పదేళ్ళుగా షుగరు. చిగుళ్ళు వాచి, కింది పళ్ళు రెండు కదులుతున్నాయట. "మందుల షాపులో ప్రోబయోటిక్ బిళ్ళలని వచ్చాయిటే, చప్పరిస్తే చాలుట. పళ్ళు గీకించుకోవడం నా వల్ల కాదు. గీకిస్తే ఉన్న పళ్ళు కూడా ఊడతాయని పక్కింటావిడ చెప్పింది" అంది. ఆ మాట విన్నాక ఊరుకోబుద్ధి కాలేదు. నాకు వైద్యం చేసిన డాక్టరమ్మ గారిని అడిగి అన్నీ వివరంగా తెలుసుకున్నాను.

పంటి మీద జిగురుగా పట్టే పాచిని రోజూ తీయకపోతే గట్టిపడి గార అవుతుంది. గార గరుకుగా ఉంటుంది కనుక దాని మీద మళ్ళీ పాచి! క్రిములు చిగురు కిందికి దిగి, పన్నుకీ చిగురుకీ మధ్య సంచీలాంటి సందు ఏర్పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న చిగురుకి ఈ సందు 1 నుంచి 3 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది. నాకు ఆ పన్ను దగ్గర 8 ఉందన్నారు. లోపల ఎముక కరిగిపోతున్నా చాలామందికి నొప్పి తెలియదు, అదే దీంతో వచ్చిన చిక్కు. అంత లోతుకి బ్రష్ వెళ్ళదు, పుక్కిలించే మందూ వెళ్ళదు. చిగురుకి మత్తు ఇచ్చి, కింద వేరుకి పట్టిన గారని సన్నటి పనిముట్లతో తీయాల్సిందే. కోతా కుట్లూ ఏమీ ఉండవు.

గీకిస్తే పళ్ళు కదులుతాయన్న భయం నాకూ ఉండేది. పన్ను కదిలేది ఎముక పోయినందువల్ల. గార తీశాక వాపు తగ్గి చిగురు కిందికి దిగుతుంది, పళ్ళ మధ్య సందులు కనిపిస్తాయి, చల్లటి నీళ్ళు తగిలితే కొన్నాళ్ళు జివ్వుమంటుంది. అది చూసి మనం "పాడు చేశారు" అనుకుంటాం.

ఇక బిళ్ళల సంగతి. చిగుళ్ళ కోసం ఎక్కువగా పరీక్షించినవాటిలో లాక్టోబాసిల్లస్ ర్యూటరి అనే మేలు చేసే క్రిమి ఉంటుంది. అందులో రెండు రకాలు కలుపుతారు. ఒకటి జపాన్‌లో ఒక స్త్రీ నోటి నుంచి, రెండోది పెరూ దేశంలో ఒక తల్లి చనుబాల నుంచి తీసినవట! నాకైతే భలే ముచ్చటేసింది. గార తీయించుకున్న 30 మందికి రోజుకి రెండేసి చొప్పున 12 వారాలు ఈ బిళ్ళలు ఇచ్చి చూసిన పరిశోధన ఒకటి 2013లో వచ్చింది. సగంమందికి మందు లేని ఉత్తుత్తి బిళ్ళలే ఇచ్చారు. మందు వాడినవాళ్ళకి లోతైన సందులు ఇంకాస్త ఎక్కువగా తగ్గాయి. అయితే ఇలాంటి పరిశోధనలన్నీ కలిపి చూసిన ఐరోపా చిగుళ్ళ వైద్యుల సమాఖ్య 2020లో ఇచ్చిన సూచనల్లో, గార తీసే వైద్యానికి తోడుగా వీటిని వాడకపోవడమే మంచిదంది. ఒరిగే లాభం అంత గట్టిగా తేలలేదు మరి.

గమనించారా, ఆ పరిశోధనలో అందరికీ ముందు గార తీశారు! విరిగిన పాలు అడుగంటిన గిన్నెని తోమకుండా, అందులోనే కొత్త పాలు పోసి ఎంత మంచి తోడు వేస్తే మాత్రం పెరుగు బాగుంటుందా? మా అక్కయ్యకి ఇదే చెప్పాను.

"అయితే రోజూ పెరుగన్నం తింటున్నాంగా" అంటారేమో. ఇంటింటి తోడూ వేరు, అందులో ఈ క్రిమే ఉంటుందని నమ్మకం లేదు. పైగా పెరుగు గబగబా మింగేస్తాం, బిళ్ళయితే నోట్లో మెల్లగా కరుగుతుంది. పెరుగు మానకండి, కానీ దాన్ని చిగుళ్ళ మందనుకోకండి.

నేను ఆ బిళ్ళలు ఒక నెల వాడాను. రక్తం ఆగింది. బిళ్ళల వల్లో, గార తీయించినందువల్లో, రాత్రిళ్ళు కూడా తోముకోవడం మొదలుపెట్టినందువల్లో నేను చెప్పలేను. వాడినన్నాళ్ళే ఆ క్రిములు నోట్లో ఉంటాయి, మానేస్తే పోతాయిట. ఖర్చు చూసుకుని మానేశాను. ఆ డబ్బుతో పళ్ళ సందుల్లో తోముకునే చిన్న బ్రష్‌లు కొంటున్నాను. క్యాన్సర్ మందులు వాడేవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు డాక్టర్ని అడగకుండా ఇలాంటి బిళ్ళల జోలికి పోకూడదు.

షుగరున్నవాళ్ళకి ఇంకో మాట. షుగరు ఎక్కువైతే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళు పాడైతే షుగరు అదుపు తప్పుతుంది. చిగుళ్ళకి వైద్యం చేయించుకుంటే, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్షలో దాదాపు 0.4 తగ్గుతోందని 2022లో పరిశోధనలన్నీ కూడి చూసినవాళ్ళు చెప్పారు. అక్కయ్య మెత్తబడింది ఈ మాటకే!

గురువారం పదింటికి టైము తీసుకున్నాను. టిఫిను మానకుండా తిని, షుగరు మాత్ర వేసుకుని రమ్మన్నాను. బిళ్ళల సీసా కూడా వెంట తెస్తానంది. తెచ్చుకోనివ్వండి, గార తీయించాక డాక్టరమ్మ గారికే చూపిస్తాం.