రెన్యువల్ ఒక్కటే చాలదు

బీదర్ పక్కనే కొల్హార్ పారిశ్రామికవాడలో మందుల ఫ్యాక్టరీలున్నాయి. అలాంటి చోట ఏళ్ల తరబడి రియాక్టర్ల మధ్య పనిచేసిన ఫార్మసిస్టు, పిల్లల కోసం ఉద్యోగం మానేసిన మన అక్క, మళ్లీ మందుల కౌంటర్‌కు వస్తే ఎలా?

డి.ఫార్మసీ విద్యార్థికి 500 గంటల ప్రాక్టికల్ శిక్షణ తప్పనిసరి. తిరిగొచ్చేవారికి? ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు, 2015 ప్రకారం ఐదేళ్లలో రెండు ఒకరోజు రిఫ్రెషర్ కోర్సులు చేసి రెన్యువల్ చేయించుకుంటే సరి. ఈలోగా కొత్త మందులు వచ్చుంటాయి. పొరపాటు జరిగితే నష్టపోయేది చీటీ చదవలేని పేద రోగే.

వారిని రావద్దనడం లేదు. కొన్ని వారాలు అనుభవమున్న ఫార్మసిస్టు పర్యవేక్షణలో, జీతమిచ్చి పని చేయించండి అంటున్నాం. జీతం లేని శిక్షణ పేదింటి బిడ్డకు మూసిన తలుపే.

ఫార్మసీ చదివే యువతీయువకులారా, ఈ మాట మీ కౌన్సిళ్ల ముందు మీరే పెట్టాలి.