మాస్టారి మాట: కారెక్కిన వేటగాడు



"సఫారీ" అనే మాట మీరు వినే ఉంటారు. తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాషలో దానికి ప్రయాణమని అర్థం. ఒకప్పుడు ఆ ప్రయాణం కాలినడకనో, గుర్రం మీదనో సాగేది. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడర్ రూజ్‌వెల్ట్ అక్కడికి వేటకు వెళ్ళినప్పుడు, సామాను మోసే కూలీలు బారులుగా వెంట నడిచారు. తరువాత మోటారుకార్లు వచ్చాయి. దానితో వేట తీరే మారిపోయింది.

ఇప్పటి టాంజానియా దేశంలో సెరెంగెటి అనే పెద్ద గడ్డిమైదానం ఉన్నది. 1920 దాటిన తరువాత కొందరు వేటగాళ్ళు అక్కడికి కార్లలో వెళ్ళి, దిగకుండానే సింహాలను కాల్చసాగారు. ఇది తెలిసి డెనిస్ ఫించ్ హాటన్ అనే ఆయన మండిపడ్డాడు. ఆయన సాధువేమీ కాడు. డబ్బు తీసుకుని దొరలచేత వేటాడించడమే ఆయన వృత్తి. అటువంటివాడే 1929లో లండన్ "టైమ్స్" పత్రికకు ఉత్తరాలు రాసి, కార్లలోంచి సాగుతున్న చంపుడును ఖండించాడు.

"నడిచి వెళ్ళి కాల్చినా, కారులోంచి కాల్చినా చచ్చేది సింహమే కదా! తేడా ఏమున్నది?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. ఆలోచిద్దాం.

అడవి జంతువుకు ప్రకృతి మూడు రక్షణలిచ్చింది: వాసన పట్టే ముక్కు, అలికిడి పట్టే చెవి, పరుగెత్తే కాలు. నడిచి వచ్చే మనిషిని జంతువు పసికట్టగలదు, తప్పించుకోగలదు, తిరగబడగలదు కూడా. కారు ముందు ఈ మూడూ ఎందుకూ కొరగావు. జింక ఎంతసేపని పరుగెత్తుతుంది? పెట్రోలున్నంతసేపూ కారుకు అలుపు రాదు. పైగా, కార్లవల్ల హాని లేదని అలవాటుపడిన సింహం పక్కనే నిశ్చింతగా పడుకుంటుంది. ఆ నమ్మకం మీద తుపాకి పేల్చడాన్ని ద్రోహమనే అనాలి. ఇంకొకటి: కదిలే కారులోంచి గురి సరిగా కుదరదు. గాయపడిన జంతువు పొదల్లో దూరి, బాధపడి బాధపడి చస్తుంది.

రెండో పక్షం మాట కూడా విందాం. దక్షిణాఫ్రికాలో కంచె వేసిన అడవుల్లో జింకలు మేతకు మించి పెరిగితే, రాత్రిపూట బండి ఆపి, దీపం వేసి, గురి తప్పనివాళ్ళచేత కాల్పిస్తారు. అది వాళ్ళకు ఉద్యోగం. జంతువు బెదరకముందే, ఒక్క గుండుతో ప్రాణం పోవాలన్నదే అక్కడ దయ. వినోదానికి వేటాడేవాడు మాత్రం తన నేర్పు చూపడానికి వెళతాడు. పనంతా కారే చేస్తే, ఆ నేర్పు ఎవరిది?

కెన్యా 1977లో వేటనే నిషేధించింది. టాంజానియాలో వేట ఉన్నదిగాని, బండిలోంచి కాల్చడం నేరం. మన దేశంలో 1947లో కొరియా సంస్థానంలో, రాత్రివేళ కారులో వెళుతూ 3 చీతాలను కాల్చారు. మన చీతాల్లో చివరివి అవేనంటారు. 2022లో నమీబియా నుంచి 8 చీతాలను తెచ్చి, మధ్యప్రదేశ్‌లోని కునో అడవిలో పెట్టుకోవలసివచ్చింది.

ఈనాడు ఎక్కువమంది సఫారీకి వెళ్ళేది ఫోటోలకోసమే. కాని ఫోటోకోసం పది జీపులు ఒక్క చీతాను చుట్టుముడితే, దానికి వేట దొరకదు; పిల్లలు పస్తుంటాయి. అప్పుడు జీపు నడిపేవాడు ఏం చేయాలి? లోపల కూర్చున్నవాళ్ళు ఏం చేయాలి? ఇంట్లో పెద్దలతో కలిసి ఆలోచించి చూడండి.