మూసీ ఒడ్డు నుంచి ఎక్కడికి?

హైదరాబాద్‌లో చాదర్‌ఘాట్ దగ్గర మూసీ నదిని ఆనుకుని మూసానగర్, శంకర్‌నగర్ అనే బస్తీలున్నాయి. 2024 సెప్టెంబరు చివర్లో అధికారులు ఇక్కడ సర్వే చేసి, నదీగర్భంలో ఉన్నాయన్న ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ‘ఆర్.బి.-ఎక్స్’ అని రాశారు. అక్టోబరు మొదట్లో కూల్చివేతలు ప్రారంభమయ్యాయి. పలు కుటుంబాలను డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు తరలించారు. వార్త పాతబడింది గాని, అది లేవనెత్తిన ప్రశ్న పాతబడలేదు.

“అసలు నదిలో ఇల్లెందుకు కట్టుకున్నారు?” అని చాలామంది అడుగుతారు. జవాబు ఆ బస్తీ ఉన్న చోటే ఉంది. అక్కడి నుంచి మలక్‌పేట గంజి, కోఠి, అఫ్జల్‌గంజ్ అన్నీ దగ్గరే. కూలీకి, ఆటో నడిపేవాడికి, తోపుడుబండి వ్యాపారికి, నాలుగిళ్లలో పాచిపని చేసుకునే తల్లికి పని దొరికే చోటు అదే. బస్సు ఛార్జీ మిగిలితే అది పిల్లల పాలకు వస్తుంది. ఎవరికీ అక్కరలేని మురికి ఒడ్డు గనుకే పేదవాడికి దక్కింది.

అలాగని అక్కడి బతుకు బాగుందని ఎవరూ అనలేరు. అనంతగిరి కొండల్లో పుట్టిన నది నగరంలోకి వచ్చేసరికి మురుగు కాలువైంది. దోమలు, దుర్వాసన, వానాకాలం వస్తే భయం. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో వరదను ఎగువనే ఆపేందుకు జలాశయాలు తలపెట్టారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అయినా 2020 అక్టోబరు వానలకు ఈ బస్తీల్లోకి మళ్లీ నీళ్లొచ్చాయి. కాబట్టి నదిని శుభ్రం చేయాలన్నా, ప్రమాదంలో ఉన్నవారిని కాపాడాలన్నా కాదనేవారు లేరు. ఎలా తరలిస్తున్నామన్నదే ప్రశ్న.

గూడు మారితే కూడు కూడా మారుతుంది. కొత్త ఇల్లు పనికి దూరమైతే రోజు కూలిలో కొంత దారి ఖర్చుకే పోతుంది. చదువుల మధ్యలో బడి మారిన పిల్లవాడు వెనకబడతాడు. పక్కింటివాళ్లను నమ్మి పిల్లల్ని వదిలి పనికి వెళ్లే స్త్రీకి ఆ పక్కిల్లే ఉండదు. ఇవేవీ ఇంటి తాళంచెవితో పాటు చేతికి రావు.

చట్టం కూడా ఈ సంగతి ఎరుగును. జీవనోపాధి హక్కు జీవించే హక్కులో భాగమేనని 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాలిబాటను ఆక్రమించే హక్కును ఒప్పుకోలేదు గాని, వానాకాలం దాటేవరకు ఖాళీ చేయించవద్దని ఆదేశించింది. 2013 భూసేకరణ చట్టమైతే, పట్టణంలో మూడేళ్లకు పైగా ఒక స్థలంలో ఉంటున్న కుటుంబాన్ని కూడా సేకరణ వల్ల నష్టపోయే కుటుంబాల లెక్కలో చేర్చింది. పట్టా లేనంత మాత్రాన మనిషి లెక్కలో లేకుండా పోడు.

అందుచేత ప్రభుత్వాన్ని అడగవలసినవి సూటి ప్రశ్నలే. గోడమీద గుర్తు వేయకముందు ఇంట్లోవారితో మాట్లాడారా? ఇచ్చే ఇల్లు పనికి అందుబాటులో ఉందా? అద్దెకున్నవారి సంగతేమిటి? ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరన్నదమ్ముల కుటుంబాలకు ఒక్క ఇల్లేనా? ఖాళీ అయిన ఒడ్డున రేపు ఏం కడతారు, అందులో ఈ పేదలకు చోటుంటుందా?

ప్రియ చదువరులారా, పట్టణ క్షేమం కోసం ప్రతి ఆదివారం ప్రార్థించే మనకు ఇందులో పని ఉంది. ఇల్లు మారిన కుటుంబానికి ఆధార్ చిరునామా, రేషన్ కార్డు, పింఛను, పిల్లల టి.సి. అన్నీ కొత్తగా సరిచేసుకోవాల్సిందే. చదువు రానివారికి ఒక్కో కాగితం వెనుక ఒక్కో రోజు కూలి పోతుంది. దగ్గరలోని సంఘాల్లో చదువుకున్న యువతీయువకులు వారానికి ఒక పూట కేటాయిస్తే చాలా కుటుంబాలకు ఆ తిరుగుడు తప్పుతుంది. వారు మన సంఘస్థులా కాదా అని చూడనక్కర్లేదు. వరద కూడా అది చూసి రాదు.