మొదట కంచం, ఆ తర్వాతే ధర

‘‘నెలకు ఎంత తీసుకుంటారు?’’ ‘‘భోజనంతో కలిపా, భోజనం లేకుండానా?’’

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా పగటిపూట పిల్లలను చూసుకునే ఇంటికి వెళితే మొదట నడిచే మాటలివే. ఇద్దరూ ఒక అంకె దగ్గర ఒప్పుకోగానే బేరం ముగుస్తుంది. ఆ భోజనంలో ఏం పెడతారు, ఎంత పెడతారు, ఆ డబ్బు దానికి సరిపోతుందా అన్న మాట మాత్రం చాలామంది అడగరు. బిడ్డ ఆరోగ్యాన్ని తేల్చేది ఆ అడగని ప్రశ్నే.

ఈ రెండు పట్టణాల్లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లు బాగా పెరిగాయి. పొద్దున్నే బస్సెక్కి మండలాలకు వెళ్లే టీచర్లు, షిఫ్టుల్లో పనిచేసే నర్సులు, బ్యాంకు ఉద్యోగులు ఎందరో ఉన్నారు. నానమ్మ, అమ్మమ్మ ఊళ్లో ఉంటారు. బిడ్డ ఉండేది పక్క వీధిలోని అక్క దగ్గరో, బేబీ కేర్ సెంటర్‌లోనో. ఉదయం ఎనిమిదింటికి వదిలి సాయంత్రం ఆరింటికి తెచ్చుకుంటే, రోజు తిండిలో సగానికి పైగా అక్కడే జరిగిపోతుంది. అందుకే భోజనానికి ఎంత తీసుకుంటున్నారన్నది డబ్బుల లెక్కగా మాత్రమే చూడకూడదు. అది పోషకాహారం లెక్క కూడా.

కాగితం మీద ఒక లెక్క

చూసుకున్నందుకు, తినిపించినందుకు కలిపి ఒకే మొత్తం తీసుకోవడం మన దగ్గర ఎక్కువగా నడిచే పద్ధతి. ఇందులో తిండి వాటా ఎంతో ఇచ్చేవాళ్లకూ తెలియదు, తీసుకునేవాళ్లకూ స్పష్టంగా ఉండదు. మూడేళ్ల బిడ్డకు మధ్యాహ్న భోజనం, సాయంత్రం చిరుతిండి పెట్టాలంటే ఎంతవుతుందో ఒకసారి చూద్దాం. ధరలు ఊరిని బట్టి, రోజును బట్టి మారతాయి కాబట్టి ఇవి ఉదాహరణకు అనుకున్నవి మాత్రమే.

బియ్యం కిలో 60 రూపాయలనుకుంటే 40 గ్రాములకు 2 రూపాయల 40 పైసలు. కందిపప్పు కిలో 140 అనుకుంటే 20 గ్రాములకు 2 రూపాయల 80 పైసలు. కూరగాయలు 50 గ్రాములకు 3 రూపాయలు. నూనె, నెయ్యి కలిపి 4 రూపాయలు. పాలు లీటరు 60 చొప్పున 150 మిల్లీలీటర్లకు 9 రూపాయలు. గుడ్డు 7, అరటిపండు 5. అన్నీ కలిపితే 33 రూపాయల చిల్లర. గ్యాస్, పోపు సామాను, మంచినీళ్లకు ఇంకో 5 వేసుకుంటే సుమారు 38 రూపాయలు. నెలకు 25 రోజులకు 950 రూపాయలు.

ఈ లెక్కలో అన్నం, పప్పు కలిపి ఐదు రూపాయల చిల్లరే. పాలు, గుడ్డు, పండు కలిపితేనే 21. అంటే సరుకుల ఖర్చులో మూడింట రెండు వంతుల దాకా కడుపు నింపే వాటికి కాక ఒంటికి పట్టే వాటికే పోతోంది. డబ్బు చాలనప్పుడు ముందు తగ్గేవి కూడా అవే. అన్నం ఎవరూ తగ్గించరు. పాలు పలచబడతాయి, గుడ్డు వారానికి ఒకసారికి చేరుతుంది, అరటిపండు స్థానంలోకి ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ వస్తుంది. బిడ్డ కడుపు నిండే ఉంటుంది, ఏడవదు. సాయంత్రం వచ్చిన తల్లికి తేడా కనిపించదు.

‘‘అక్కా, ఒక మూడు వందలు తగ్గించుకోండి’’ అని అడగడం మనకు అలవాటు. నెలకు 300 అంటే 25 రోజుల లెక్కన రోజుకు 12 రూపాయలు. పై లెక్కలో అది సరిగ్గా ఒక గుడ్డు, ఒక అరటిపండు. మనం బేరమాడింది ఆ అక్కతో అనుకుంటాం. తగ్గింది మన బిడ్డ కంచంలో.

ఇందులో ఆమెను తప్పుపట్టడానికి ఏమీ లేదు. నలుగురు పిల్లలకు వండి, ఒక్కొక్కరికీ అరగంట కూర్చుని తినిపించి, గిన్నెలు కడిగే శ్రమకు మనం విడిగా ధర కట్టడం లేదు. పప్పు ధర పెరిగినా ఆమె తీసుకునే మొత్తం మారదు. ఆ నష్టాన్ని ఎక్కడో ఒకచోట సర్దుకోక తప్పదు.

పేదిళ్ల సమస్య మాత్రమే కాదు

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. వయసుకు తగ్గ ఎత్తు లేనివారు 33 శాతం. పదిమందిలో ఏడుగురంటే అందులో మన ఇళ్ల పిల్లలు లేరని ధీమాగా ఉండలేం.

ఈ విషయంలో అంగన్‌వాడీల నుంచి మధ్యతరగతి నేర్చుకోవలసింది ఒకటుంది. 2013 ఆహార భద్రతా చట్టం ఆరేళ్లలోపు పిల్లలకు రోజుకు ఏం అందాలో ముందే రాసిపెట్టింది. 500 కిలోకేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రొటీన్. ఖర్చు ఎంతన్నది దానికి తోడుగా నిర్ణయించారు. 2017లో అది పిల్లాడికి రోజుకు 8 రూపాయలు. ధాన్యం రాయితీపై వచ్చే ఆ కేంద్రాల ధరను మన ఇంటి ఖర్చుతో పోల్చలేం, అది చాలా తక్కువన్న విమర్శా ఉంది. కానీ క్రమం సరైనది. ముందు కంచంలో ఏముండాలో తేల్చి, తర్వాత రూపాయి మాట్లాడారు. ప్రైవేటు బేబీ కేర్‌లో మనం దీన్ని తిరగేస్తున్నాం. ఒక గుడ్డులో ఆరు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, అంటే చట్టం చెప్పిన దానిలో దాదాపు సగం. ‘గుడ్డు రోజూనా, వారానికి ఒకసారా?’ అని అడగడం ఎంత అవసరమో దీన్నిబట్టే తెలుస్తుంది.

మన జిల్లాల్లో పాల సంగతి మరీ ముఖ్యం. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ కథ అందరికీ తెలిసిందే. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక చాలా మారినా, నీళ్లు రాని రోజున బోరు నీళ్లతో వండే ఇళ్లు ఉంటాయి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. ఆహారంలో కాల్షియం తగినంత ఉంటే అది ఒంట్లో కలవడం కొంత తగ్గుతుంది. అలాంటి చోట పాలు, పెరుగు కోతకు గురైతే నష్టం రెట్టింపు. వంటకు ఏ నీళ్లు వాడుతున్నారని అడగడం అనుమానించడం కాదు. మంచినీళ్ల క్యాన్ ఖర్చు కూడా లెక్కలో ఉండాలి.

విడదీస్తే ఇద్దరికీ మేలు

కాబట్టి చూసుకున్నందుకు ఒక మొత్తం, భోజనానికి ఒక మొత్తం విడివిడిగా మాట్లాడుకోవాలి. భోజనం ధర పక్కనే వారం మెనూ ఒక కాగితం మీద ఉండాలి. గుడ్డు తినని ఇళ్లవాళ్లు అదే విలువకు పెరుగో, పెసరపప్పో, పల్లీల పొడో అడగవచ్చు. పల్లీలు ఐదేళ్లలోపు పిల్లలకు పొడి చేసే పెట్టాలి, గింజగా పెడితే గొంతులో అడ్డుపడే ప్రమాదముంది. పండంటే ఖరీదైన యాపిలే కానక్కర్లేదు. నల్లగొండ బత్తాయి, పాలమూరు సీతాఫలం కాలాన్ని బట్టి చాలు, గింజలు తీసి పెడితే సరి.

సెలవుల గొడవా దీనితో తీరుతుంది. సంక్రాంతికి పది రోజులు ఊరెళితే చూసుకునే డబ్బు తగ్గించమనడం న్యాయం కాదు, ఆమె మన బిడ్డ చోటును ఇంకొకరికి ఇవ్వలేదు. భోజనం డబ్బు మాత్రం ముందు రోజు రాత్రే చెబితే తగ్గించుకోవచ్చు. పొద్దున పాలు, కూరగాయలు తెచ్చాక ఫోన్ చేస్తే ఆ రోజుది మనమే భరించాలి. సరుకుల ధరలు మారుతుంటాయి కాబట్టి మూడు నెలలకోసారి లెక్క సరిచూసుకోవాలి.

ఇంగ్లండ్‌లోనూ ఇదే చర్చ నడిచింది. అక్కడ ప్రభుత్వం డబ్బు చెల్లించే గంటల్లో భోజనం కొనడాన్ని షరతుగా పెట్టకూడదు. బిల్లులో తిండి, ఇతర వస్తువులు, అదనపు గంటలు వేరువేరు వరుసల్లో చూపాలని 2025లో మార్గదర్శకాల్లో చేర్చారు. ఇక్కడ అలాంటి ఆదేశం కోసం ఎదురుచూడనక్కర్లేదు, ఒక నోటుపుస్తకం చాలు.

ఇంటి నుంచి డబ్బా పంపితే ఈ తలనొప్పి ఉండదు కదా అనవచ్చు. ఏడు గంటలకు కట్టిన అన్నం ఒంటిగంటకు తినాలి. మన ఎండాకాలంలో అది పాడయ్యే వీలు ఎక్కువ. పైగా పక్క పిల్లలు వేడి అన్నం తింటుంటే డబ్బా ముట్టని పిల్లలూ ఉంటారు. అక్కడే వండించడం మంచిది, దాని ధర నిజాయితీగా ఇవ్వడం ఇంకా మంచిది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ధర విడిగా ఇస్తున్నాం కదా అని ‘‘మొత్తం తినిపించండి’’ అని ఒత్తిడి చేయకూడదు. ఏం పెట్టాలన్నది పెద్దల పని, ఎంత తినాలన్నది బిడ్డ ఆకలి పని. మిగిలిన ముద్దను డబ్బుల లెక్కన చూస్తే ఆమె బలవంతంగా కుక్కుతుంది, బిడ్డకు తిండి మీదే విరక్తి పుడుతుంది.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. రెండేళ్ల బిడ్డ పొరుగింటి అక్కను గుడ్డు అడగలేదు, పాలు పలచగా ఉన్నాయని చెప్పలేదు. వచ్చే నెల డబ్బులు ఇచ్చేటప్పుడు అడగాల్సింది మనమే. ‘ఎంత తగ్గిస్తారు’ అని కాకుండా, ‘ఇవన్నీ పెట్టడానికి మీకు ఎంతవుతుంది’ అని అడుగుదాం.