గర్జన తరువాతి కథ

శ్రీ లక్ష్మీనృసింహాయ నమః



వేదాధ్యయన కాలంలో మా గురువుగారు చలనచిత్ర దర్శనాన్ని నిషేధించారు. ఆ నియమమే అలవాటై, యాభై ఏండ్లు దాటినా నేను వాటికి దూరంగానే ఉన్నాను. అట్టి నేను ఇటీవల రెండు చిత్రాలను, కొన్ని కీర్తనలను ఆస్వాదించి, వాటిని గూర్చి వ్రాయడానికి కారణం ఏడేండ్ల మా మనుమడు.

2025 జూలైలో విడుదలైన ‘మహావతార్ నరసింహ’ను వాడు ఇంట్లో టీవీలో చూస్తూంటే నేనూ ప్రక్కన కూర్చున్నాను. బొమ్మల సినిమాయే కదా అని మొదట చులకనగా తలచిన మాట వాస్తవం. కాని దర్శకుడు అశ్విన్ కుమార్ దితి కశ్యపుల వృత్తాంతంతో ఆరంభించి, వరాహావతారాన్ని చూపిన పిమ్మటనే ప్రహ్లాద చరిత్రలో ప్రవేశించారు. ఇది ప్రశంసనీయం. సోదరవధ వలన కలిగిన శోకమే హిరణ్యకశిపునిలో ద్వేషమై ఘనీభవించిందని గ్రహించనిదే భాగవత సప్తమస్కంధం బోధపడదు. స్తంభోద్భవ ఘట్టంలో నా చేతులు నాకు తెలియకుండానే జోడింపబడ్డాయి.

మరునాడు ఉదయం గర్భాలయం ఎదుట నిలిచి మనుమడు అడిగాడు: “తాతయ్యా, మన స్వామికి కోపం రాదా? అమ్మవారిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఊరికే నవ్వుతున్నారేం?”

ఆ ప్రశ్నలో కించిత్ నిరాశ ఉన్నది. గర్జించే స్వామి ముందు మా శాంతమూర్తి వాడికి చిన్నవాడైపోయాడు. తొలుత నాకు సినిమా మీదనే ఆగ్రహం కలిగింది. కాని తరువాత నా తప్పు స్ఫురించింది. ఏటా నృసింహ జయంతినాడు నేను చెప్పే పురాణం ఎక్కడ ముగుస్తోంది? స్తంభం పగలగానే! ప్రసాదానికి వేళ అవుతోందని, అక్కడే మంగళహారతి ఇచ్చేవాణ్ణి. సినిమా వలన కలిగిందని నేననుకొన్న లోపం నా ప్రవచనంలోనే ఉన్నది.

కథలోని పరమార్థం ఆ తరువాతనే ఉన్నది. దేవతలు, చివరకు శ్రీమహాలక్ష్మి కూడ ఆ ఉగ్రరూపాన్ని సమీపింపలేకపోగా, బ్రహ్మ ప్రేరణతో ఆ బాలుడే దరిచేరి సాష్టాంగపడ్డాడు. స్వామి అతని శిరస్సుపై హస్తముంచాడు. వరం కోరుకొమ్మంటే, కోరికలే మొలకెత్తని హృదయాన్ని యాచించాడు. పిదప తన్ను హింసించిన తండ్రి పవిత్రుడు కావలెనన్నాడు. ఇరువదియొక్క తరాలవారితో నీ తండ్రి పునీతుడైనాడని స్వామి సెలవిచ్చాడు. వధ అవతారకార్యమే, ఈ క్షమయే దాని ఫలం.

ఇదంతా మనుమడికి చెప్పి, 1967 నాటి ‘భక్త ప్రహ్లాద’ను కూడ చూపించాను. అందులో ఎస్.వి. రంగారావుగారి హిరణ్యకశిపుడు ఎంత భయంకరుడో, రోజారమణి ప్రహ్లాదుడు అంత ప్రసన్నుడు. నారదపాత్రధారి మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు. మన రాజోలు ప్రాంతపు శంకరగుప్తంలో 1930లో జన్మించిన మహానుభావుడు. ఆయన గానంలో అరుపు లేదు, తొందర లేదు. ఆయన గానం చేసిన రామదాసు కీర్తనలను ఇప్పుడు సాయంసంధ్య తరువాత ఇంటిల్లిపాదీ వింటున్నాము. కారాగారంలో రాముణ్ణి నిందించి, మరుక్షణమే మన్నించుమని వేడుకొన్న భక్తుని ఆర్తి ఆ కంఠంలో వినిపిస్తుంది. ఆగ్రహం శరణాగతిగా పరిణమించే ఆ క్షణం నృసింహతత్త్వానికి ఎంతో సమీపం.

నా అభిప్రాయం ఇది: పిల్లలను ఇట్టి చిత్రాలకు దూరం చేయవద్దు. పెద్దలు ప్రక్కన కూర్చొని చూడండి. తెర మీద గర్జన బలంగా వినిపించడం సహజం. శాంతాన్ని ఇంటిలో మనమే చెప్పాలి. చెప్పకపోతే దైవమంటే శత్రుసంహారమే అనుకొని వారు పెరుగుతారు. అపుడు దోషం చిత్రకారునిది కాదు.

రానున్న వైశాఖ శుద్ధ చతుర్దశినాడు నా పురాణం స్తంభం పగిలిన చోటనే ఆరంభమవుతుంది. ప్రసాదం కొంచెం ఆలస్యమైనా భక్తులు మన్నింతురు గాక!

స్వస్తి.