తలరాత కాదు, తల లోపలి పని

(మన చదువులు సిరీస్, 4వ భాగం)



హాస్టల్ చదువుల మీద పోయిన భాగం రాశాక కొందరు విద్యార్థులు ఫోన్ చేశారు. చాలామంది అడిగింది ఒకటే. "అన్నా, పొద్దున చదివింది సాయంత్రానికి గుర్తుండట్లేదు. గంటలకొద్దీ కూర్చున్నా ఎక్కట్లేదు. నా బుర్ర ఇంతేనేమో."

ఈ భాగమంతా ఆ చివరి మాట మీదే. ఎందుకంటే అది ఆ పిల్లల సొంత మాట కాదు. ఎవరో చెప్పి చెప్పి వాళ్ల నోట పెట్టిన మాట.

మనవాళ్లకు బుర్ర లేదన్నది కులం వాడుతున్న పాత ఆయుధం. ముందు శాస్త్రాల పేరు మీద చెప్పారు. తర్వాత సైన్స్ పేరు మీద చెప్పారు. 1901 జనాభా లెక్కలు నడిపిన హెర్బర్ట్ రిస్లీ మనుషుల ముక్కులు కొలిచి కులాల తేడాను జాతి తేడాగా చూపించబోయాడు. అమెరికాలో శామ్యూల్ మోర్టన్ పుర్రెలు కొలిచి నల్లవాళ్లను అట్టడుగున పెట్టాడు. 1948లో వచ్చిన 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో బాబాసాహెబ్ అలాంటి ముక్కు కొలతలనే తీసుకుని, బ్రాహ్మణుడికీ అంటరానివాడికీ మధ్య జాతి తేడా నిలబడదని తేల్చారు. ఇప్పుడు ఎవరూ టేపు పట్టుకుని రావట్లేదు. 'మెరిట్' అన్న ఒక్క మాటతో ఆ పని జరిగిపోతోంది.

కాబట్టి మెదడు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం మనకు కాలక్షేపం కాదు. మన మీద వాడిన విషయాన్ని మన చేతుల్లోకి తీసుకోవడం.

మెదడు కిలోన్నర కూడా ఉండదు. ఒంటి బరువులో రెండు శాతం. కానీ ఒళ్లు ఖర్చు పెట్టే శక్తిలో ఐదో వంతు దానికే పోతుంది. అందులో దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లు. వాటి మధ్య లింకులు వాడే కొద్దీ గట్టిపడతాయి, వాడకపోతే సడలుతాయి. మాలపల్లె అయినా, మాదిగవాడ అయినా, అగ్రహారమైనా ఇదే పద్ధతి.

పెద్దయ్యాక బుర్ర మారదనుకునేవాళ్లకు ఒక సంగతి చెప్తాను. ఉత్తరప్రదేశ్‌లో లక్నో దగ్గరి పల్లెల్లో సగటున ముప్పై ఏళ్ల వయసున్న, అక్షరం రాని మనుషులకు ఆరు నెలలు హిందీ చదవడం నేర్పారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. నేర్పే ముందూ, తర్వాతా మెదడు స్కాన్లు తీశారు. ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. మెదడు లోతున ఉండే థాలమస్, మెదడు కాండం కూడా చూపుకు సంబంధించిన భాగాలతో ముందుకంటే గట్టిగా కలిసి పనిచేయడం కనిపించింది. ఆరు నెలల అక్షరాలు అంత లోతుకు వెళ్లాయి.

స్కాన్లు లేకుండానే ఇది మన నేల మీద జరిగింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు పాఠం చదువుతూ తమ ఇళ్లలోని సారా గురించి మాట్లాడుకున్నారు. తర్వాత లేచి సారా దుకాణం మూయించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబర్‌లో సారా నిషేధం దాకా వెళ్లింది. తలరాత అని నమ్మి కూర్చున్నవాళ్లు చేసే పని కాదది.

మరి బుర్ర అందరికీ ఉంటే, మన పిల్లలకు ఎందుకు ఎక్కట్లేదు?

మెదడులో ఈ క్షణంలో పనిలో ఉన్న సంగతులను పట్టుకునే చోటు చాలా చిన్నది. దాన్ని వర్కింగ్ మెమరీ అంటారు. 1956లో జార్జ్ మిల్లర్ అక్కడ ఏడు, అటూ ఇటూ ఇంకో రెండు సంగతులు పడతాయన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ లెక్క ఇంకా తగ్గించి నాలుగు అన్నాడు. నాలుగు పీటలు వేసి ఉన్నాయనుకోండి. లెక్క చేయడం, వ్యాసం రాయడం, ఎదుటివాడి వాదన పట్టుకుని జవాబు వెతకడం, అన్నీ ఆ నాలుగు పీటల మీదే జరగాలి.

ఇప్పుడు అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదువుతున్న మన పిల్లను చూడండి. ఒక పీట మీద రూమ్ అద్దె కూర్చుంది. ఇంకో పీట మీద ఊళ్లో అమ్మ కట్టాల్సిన కిస్తీ. మూడో పీట మీద ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీ వాళ్లు ఆపేసిన సర్టిఫికెట్లు. ఇక రాజ్యాంగం 32వ అధికరణకు మిగిలింది ఒక్క పీట. పక్క టేబుల్ దగ్గర ఇంటి నుంచి నెలనెలా డబ్బులొచ్చే పిల్లవాడికి నాలుగూ ఖాళీ. పరీక్ష మాత్రం ఇద్దరికీ ఒకటే. ఫలితం వచ్చాక దానికి పెట్టే పేరు మెరిట్.

ఇది నా ఊహ కాదు. తమిళనాడులో 464 మంది చెరకు రైతుల మీద చేసిన అధ్యయనం 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. చెరకు డబ్బు ఏడాదికోసారి చేతికొస్తుంది. కోతకు ముందు చేతిలో పైసా ఉండదు, అప్పులుంటాయి. కోత తర్వాత కాస్త ఊపిరి ఆడుతుంది. అవే మనుషులకు రెండు సమయాల్లోనూ ఆలోచనకు పరీక్ష పెట్టారు. డబ్బు లేనప్పుడు బాగా తక్కువగా చేశారు, డబ్బు వచ్చాక బాగా చేశారు. మధ్యలో మనిషి మారలేదు, బుర్ర మారలేదు. మారింది దాని మీది బరువు.

రోహిత్ వేముల 2016 జనవరి 17న రాసిన చివరి ఉత్తరంలో ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉందని లెక్క రాశాడు. కార్ల్ సాగన్‌లాగా సైన్స్ రాయాలనుకున్న మనిషి ఏ లెక్క మోస్తూ బతికాడో చూడండి. ఫెలోషిప్ ఆపడమంటే జేబు మీదే కాదు, ఆలోచన మీద కూడా కొట్టడం.

డబ్బు ఒక బరువైతే, చూపు ఇంకో బరువు. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్‌లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలకు కాగితం మీద దారి కనుక్కునే పజిల్స్ ఇచ్చారు. కులం ఎత్తనప్పుడు దళిత పిల్లలకూ అగ్రకుల పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందరి ముందు తండ్రి పేరు, తాత పేరు, కులం చదివి వినిపించాక దళిత పిల్లలు చేసిన పజిల్స్ తగ్గిపోయాయి. పెన్సిల్ అదే, కాగితం అదే. ఇలాంటిదే అమెరికాలో 1995లో క్లాడ్ స్టీల్, జాషువా అరాన్సన్ నల్లజాతి విద్యార్థుల్లో చూశారు. అయితే తర్వాత చేసిన కొన్ని ప్రయోగాల్లో ఆ ఫలితం అంత బలంగా రాలేదు. కాబట్టి ప్రతి మార్కుకూ ఇదే కారణమని మంత్రంలా వాడొద్దు. కానీ క్లాసులో "నీ ర్యాంకెంత?" అన్న ప్రశ్న ఎందుకు అడుగుతారో మనకు తెలుసు. 2023లో ఐఐటీ బాంబే తన మార్గదర్శకాల్లో తోటి విద్యార్థుల ర్యాంకు అడగడం తగదని రాయాల్సి వచ్చింది. అది ఊరికే రాలేదు.

ఇక చేతిలో ఉన్న పని. బరువు దిగేదాకా ఆగలేం, పరీక్ష ఆగదు. అందుకని ఇవి పాటించండి.

ఒకటి. మళ్లీ మళ్లీ చదవడం ఆపి, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోండి. 2006లో రోడిగర్, కార్పికే ఒక పాఠాన్ని కొందరితో పదే పదే చదివించారు, కొందరితో ఒకసారి చదివించి చూడకుండా రాయించారు. ఐదు నిమిషాల తర్వాత చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత రాసినవాళ్లే మెరుగు. చదువుతుంటే వచ్చినట్టే అనిపిస్తుంది, అది మోసం. తెల్లకాగితం మీద వచ్చిందే వచ్చినట్టు.

రెండు. ఎడం ఇవ్వండి. మరుపు మొదటి గంటల్లోనే ఎక్కువని ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తనే ప్రయోగాలు చేసుకుని చూపించాడు. ఒకే రోజు ఐదు గంటలు కూర్చునే బదులు ఈరోజు, ఎల్లుండి, వారం తర్వాత గంటేసి చూడండి.

మూడు. పీటలు ఖాళీ చేయండి. కిస్తీ తేదీ, కట్టాల్సిన అప్లికేషన్, చేయాల్సిన ఫోన్లు కాగితం మీద రాసి పక్కన పెట్టండి. కాగితం గుర్తుపెట్టుకుంటే బుర్ర మోయక్కర్లేదు. ఫోన్ వేరే గదిలో ఉండాలి.

నాలుగు. నిద్ర. పగలు నేర్చుకున్నది మెదడులో స్థిరపడే పనిలో పెద్ద భాగం నిద్రలోనే జరుగుతుంది. రాత్రంతా మేలుకుని చదవడమంటే కూలి చేసి డబ్బులు తెచ్చుకోకుండా వచ్చేయడం.

ఐదు. తిండి. ఒంట్లో ఐరన్ తగ్గితే రక్తంతో పాటు ఏకాగ్రత కూడా తగ్గుతుంది. మన హాస్టల్ ఆడపిల్లల్లో ఇది చాలా మామూలు. మాంసంలోని ఐరన్‌ను ఒళ్లు బాగా పట్టుకుంటుంది. పెద్దకూర తిన్నందుకు మనల్ని తక్కువ చేసినవాళ్లకు ఈ ముక్క చెప్పండి. ఆకుకూర, పప్పు తింటే నిమ్మకాయ పిండుకోండి. అన్నం తిన్న వెంటనే టీ మాత్రం తాగొద్దు.

సంఘాల్లో పనిచేసే మిత్రులకు విడిగా ఒక మాట. ఒత్తిడి పెరిగినప్పుడు నుదుటి వెనక భాగం, అంటే ఆచితూచి ఆలోచించే భాగం, పట్టు కోల్పోతుంది. అర్ధరాత్రి ఎవడో తిట్టిన పోస్టుకు జవాబు రాస్తూ తెల్లారగట్టడం పోరాటం కాదు, ఎదుటివాడి ఎజెండాకు మన బుర్ర అద్దెకివ్వడం. కోపం తప్పు కాదు. రాత్రి రాసి, పొద్దున చదివి, అప్పుడు పెట్టండి. కరపత్రం, పర్మిషన్, చందా, ప్రెస్‌మీట్ ఒక్కడి తలమీదే వేయకండి. అలా ఏడాది తిరిగేసరికి పని మానేసి వెళ్లిపోయిన మంచి కార్యకర్తలు ప్రతి సంఘంలోనూ ఉన్నారు.

ఇంకో హెచ్చరిక. మనిషి బుర్రలో పది శాతమే వాడతాడని చెప్పేవాళ్లకూ, కళ్లకు గంతలు కట్టి చదివిస్తామనే మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ వాళ్లకూ రూపాయి ఇవ్వకండి. మొదటిది అబద్ధం, రెండోది కిందనుంచి తొంగిచూసే ట్రిక్కు. మన తల్లుల కూలి డబ్బులు అక్కడ పోకూడదు.

"ఇదంతా వ్యక్తిగత ఎదుగుదల బోధ, వ్యవస్థను వదిలేసి పిల్లవాడి మీద పడటం" అని కొందరు కామ్రేడ్లు అంటారు. ఈ ఐదు సూత్రాలు చెప్పి ఊరుకుంటే వాళ్లన్నది నిజమే. పీట మీద కూర్చున్న అద్దెను నిమ్మకాయ దించలేదు. అందుకే మెదడు గురించి తెలిసినవాళ్లు అడగాల్సినవి ఇవి: స్కాలర్‌షిప్ నెలనెలా రావాలి. ఫీజు బకాయిల పేరుతో సర్టిఫికెట్లు ఆపకూడదు. ప్రతి హాస్టల్‌లో రాత్రి పదకొండు దాకా లైటు, కుర్చీ ఉన్న రీడింగ్ రూమ్ కావాలి. వారంలో ఎక్కువ రోజులు గుడ్డు, మాంసం పెట్టాలి. క్లాసులో ర్యాంకు, కేటగిరీ పేరు మీద పిల్లలను నిలబెట్టడం నేరంగా చూడాలి. వీటిని సంక్షేమం అని అడగకండి. దయ అవుతుంది. పరీక్ష న్యాయంగా జరగాలంటే ఉండాల్సిన కనీస షరతులని అడగండి.

ఇక ఫోన్ చేసిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా జవాబు: నీ బుర్ర ఇంతే కాదు. మూడు పీటల మీద బరువు పెట్టుకుని ఒక్క పీటతో ఇక్కడిదాకా వచ్చిన బుర్ర అది.

తర్వాతి భాగంలో ముగ్గురు నలుగురు కలిసి, ఒకరికొకరు పాఠం చెప్పుకుంటూ చదివే పద్ధతి గురించి రాస్తాను.

జై భీమ్.