పాత మెటల్ డిటెక్టర్‌ను పారవేయాలా?



మా పాఠశాల ప్రయోగశాల బీరువాలో 1970 దశకం నాటి మెటల్ డిటెక్టర్ ఒకటి ఉంది. పొడవాటి గొట్టం, దాని చివర పళ్లెంలాంటి తీగచుట్ట, పైన రెండు నాబ్‌లున్న చిన్న పెట్టె, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోను. అంతే దాని రూపం. "మాస్టారూ! తెరమీద అంకెలు చూపే కొత్త డిటెక్టర్లు వచ్చాయి కదా, ఇది ఇంకా ఎందుకండీ?" అని పిల్లలు అడుగుతూ ఉంటారు. నా అభిప్రాయం ముందే చెబుతాను. పరికరాన్ని దాని వయస్సు చూసి కాదు, అది పరీక్షకు నిలిచిందా లేదా అని చూసి నమ్మాలి. పాత డిటెక్టర్ కొన్ని పనులకు నేటికీ పనికివస్తుంది. కొన్నింటికి దానిని వాడనే కూడదు. ఈ సంగతి తేలాలంటే అది పనిచేసే తీరు తెలియాలి.

ఒకే పౌనఃపున్యం గల రెండు శృతిదండాలు తీసుకోండి. ఒకదాని భుజానికి కొద్దిగా మైనం అంటించి రెండింటినీ ఒకేసారి మోగించండి. ధ్వని పెరుగుతూ, తగ్గుతూ వినిపిస్తుంది. వీటినే విస్పందనాలు అంటాం. పాత డిటెక్టర్‌లో ఉన్నదీ ఈ సూత్రమే. దాని లోపల రెండు విద్యుత్ డోలకాలుంటాయి. మొదటిది సెకనుకు 1,00,000 కంపనాలు చేస్తుందనుకోండి. తీగచుట్టతో కలిసి ఉన్న రెండవది 1,00,400 చేస్తుందనుకోండి. ఈ రెండూ చెవికి అందనివే. కాని వాటి తేడా అయిన 400 చక్కగా వినిపిస్తుంది. తీగచుట్ట దగ్గరకు రాగి నాణెం వస్తే అందులో సుడి విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. అవి తీగచుట్ట ప్రేరకతను రవంత తగ్గిస్తాయి, డోలకం పౌనఃపున్యం పెరుగుతుంది. లక్షలో పది కంపనాలు మారితే చాలు, 400 కాస్తా 410 అవుతుంది. అలవాటు పడిన చెవి ఆ తేడాను పట్టుకుంటుంది. ఇనుప మేకు వంటిదైతే ప్రేరకత పెరిగి స్వరం తగ్గవచ్చు.

ఇందులో లోపాలు లేవా? చాలా ఉన్నాయి. ఎండకు వేడెక్కితే లోపలి భాగాల విలువలు మారి, లోహం లేకపోయినా స్వరం జారిపోతుంది. ఇనుప ఖనిజాలున్న నేలమీద అదే పనిగా మోగుతుంది. భీమునిపట్నం తీరంలో కనిపించే నల్ల ఇసుకలో మాగ్నటైట్ ఉంటుంది. అటువంటిచోట పాత డిటెక్టర్ మాట నమ్మడం కష్టం. కొత్తవి నేల నుంచి వచ్చే సంకేతాన్ని చాలావరకు తీసివేసి, వస్తువు నుంచి వచ్చేదానిని వేరుగా చూపుతాయి. ఇనుమును ఇతర లోహాల నుంచి విడదీయడంలోనూ అవే మెరుగు. అయితే అల్యూమినియం ముక్కకూ, బంగారు ఉంగరానికీ అవి సైతం తికమక పడుతుంటాయి.

మరి లోతు సంగతి? ఇక్కడే చాలామంది పొరబడతారు. కొత్తది పదిరెట్లు ఖరీదైతే పదిరెట్లు లోతు చూస్తుందనుకుంటారు. ప్రకృతి అందుకు ఒప్పుకోదు. వస్తువు తీగచుట్టకు దూరంగా ఉన్నప్పుడు, దూరం రెట్టింపైతే దానిని చేరే అయస్కాంత క్షేత్రం 8వ వంతుకు పడిపోతుంది. వస్తువు నుంచి తిరిగి వచ్చే క్షేత్రమూ అలాగే మరో 8వ వంతుకు తగ్గుతుంది. మొత్తం మీద మిగిలేది 64వ వంతు! అంటే సున్నితత్వాన్ని 64 రెట్లు పెంచితే, లోతు రెండు రెట్లు మాత్రమే పెరుగుతుంది. అందుచేత నేల పైపొరలో ఉన్నదానిని వెదకడానికి పాతదీ అక్కరకు వస్తుంది. 2009 జూలైలో ఇంగ్లండులోని హామర్‌విచ్ గ్రామం దగ్గర ఒక పొలంలో ఆంగ్లో-సాక్సన్‌ల కాలపు బంగారు, వెండి వస్తువులు 3,500కు పైగా దొరికాయి. వాటిని కనిపెట్టిన డిటెక్టర్ పద్నాలుగేళ్ల పాతదని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ నిధి నాగలి కదిపే పైమట్టిలోనే ఉంది.

పరికరం మంచిదైనా వాడే తీరు సరిగా లేకపోతే ఫలితం సున్న. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌పై కాల్పులు జరిగాయి. శరీరంలోని తూటా ఎక్కడున్నదో కనుక్కోవడానికి టెలిఫోన్ శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ గ్రాహంబెల్ ఒక లోహశోధకాన్ని తయారుచేసి తెచ్చాడు. పరుపులో ఉక్కు స్ప్రింగులున్నాయి. అవి శోధనను తారుమారు చేశాయి. పైగా, తూటా కుడివైపే ఉందని నమ్మిన ప్రధాన వైద్యుడు ఆ వైపే వెదకనిచ్చాడు. సెప్టెంబరు 19న అధ్యక్షుడు మరణించాడు. శవపరీక్షలో తూటా వెన్నెముకకు ఎడమపక్కన కనిపించింది. సమాధానం ముందే అనుకుని వెదికితే ఎంత గొప్ప పరికరమైనా ఏం చేస్తుంది?

ఇక రెండవ ఉదాహరణ చూడండి. ఏడిఇ 651 అనే 'బాంబు శోధకం' ఈ శతాబ్దంలోనే వచ్చిన వస్తువు. పిడికి తగిలించిన ఏంటెన్నా అటూ ఇటూ ఊగుతుంది. దానిని ఇరాక్‌తో సహా కొన్ని దేశాలు ఎంతో ఖరీదు పెట్టి కొన్నాయి. తనిఖీ కేంద్రాల దగ్గర దానిని నమ్మి వాహనాలను వదిలేశారు. నిజానికి దానిలో పనిచేసేదేమీ లేదు. 2013లో బ్రిటన్ న్యాయస్థానం దానిని అమ్మినవాడికి పది సంవత్సరాల జైలుశిక్ష వేసింది. కొత్తదనమూ ఖరీదూ నిజాయితీకి గుర్తులు కావని దీనివల్ల తెలుస్తున్నది.

మన పల్లెలలోనూ గుప్తనిధులు చూపిస్తామంటూ 'స్కానర్లు' పట్టుకుని తిరిగేవాళ్లున్నారు. వాళ్లు మీ ఊరు వస్తే ఒక పరీక్ష పెట్టండి. ఒకే రకమైన పది అట్టపెట్టెలు తీసుకోండి. పరికరం పట్టుకున్నవాడికీ, దగ్గర నిలబడినవాళ్లకీ తెలియకుండా ఒకదానిలో ఇత్తడి గ్లాసు దాచండి. దాచినవారు పక్కకు వెళ్లిపోవాలి. ఇలా పదిసార్లు చేయండి. ఊరికే ఊహించి చెప్పినా సగటున ఒకసారి సరిపోతుంది. మా పాత డిటెక్టర్ ఈ పరీక్షలో నెగ్గుతుంది. గాలిలో పుల్ల ఊపేవాడు పరీక్షకే రానంటాడు!

ఒక హెచ్చరిక. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం, భూమిలో దాగి ఉన్న పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. పాత గుళ్ల దగ్గర, కోటల దగ్గర సొంతంగా తవ్వకూడదు. నేలలో ఏ వస్తువు ఏ పొరలో, దేని పక్కన ఉన్నదో అదే చరిత్ర. తవ్వి తీసినవాడు వస్తువును సంపాదిస్తాడు, చరిత్రను పోగొడతాడు.

అలాగే మందుపాతరల ఏరివేతకూ, రైల్వేస్టేషన్ల తనిఖీకీ పాత డిటెక్టర్ వద్దేవద్దు. అక్కడ ఒక్క పొరపాటు ఒక ప్రాణం ఖరీదు. అక్కడ ఎప్పటికప్పుడు పరీక్షించి సరిచూసిన పరికరాలే ఉండాలి.

మరి ఏ పనికి వాడాలి? పెరట్లో జారిపోయిన తాళంచెవి వెదకడానికి. అంతకంటె ముఖ్యంగా, నేర్చుకోవడానికి. కొత్త డిటెక్టర్ జవాబును తెరమీద రాసి చూపుతుంది. పాతది శబ్దం మాత్రమే వినిపించి, ఆలోచన మీకు వదిలేస్తుంది. పాత అల్యూమినియం పదిపైసల బిళ్లనూ, నేటి స్టీలు రూపాయినీ దాని ముందు వేరువేరుగా ఉంచండి. స్వరం పెరిగిందో, తగ్గిందో రాసుకోండి. నాణేన్ని రెండేసి సెంటీమీటర్లు దూరం జరుపుతూ, మార్పు ఎక్కడ ఆగిపోతుందో గుర్తించండి. అదే పని మధ్యాహ్నం ఎండలో మళ్లీ చేయండి. ఆ పరికరాన్ని ఎంతవరకు నమ్మవచ్చో మీ నోటుపుస్తకమే చెబుతుంది.

మీ బడిలో అటువంటిది ఉంటే పాత ఇనుప సామానులో వేయనివ్వకండి. బ్యాటరీలు తీసి, తుప్పు తుడిచి, బల్లమీద పెట్టండి.